సర్వర్ సీట్లో కెమెరా

ఆయుధపూజ అయిన మర్నాడు హిందూపురంలోని ఒక ప్రైవేటు పట్టుగూళ్ల వేలం షెడ్డు నుంచి ఫోనొచ్చింది. కంప్యూటర్ల మరమ్మతు నా పని. పెనుకొండలో బస్సెక్కాను.

షెడ్డు మేనేజరు గుమ్మంలోనే అందుకున్నాడు. "సర్వర్ ఎవురినీ రానీలేదు మేడం. కౌంటర్లో యాడ నొక్కినా కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటాండాది." కొనేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లలోనే పాట పాడతారు. సర్వర్ పలకకపోతే వేలం లేదు.

గేటు దగ్గర నల్లమాడ రైతు ఒకాయన గూళ్ల ట్రేల పక్కన కూర్చుని, ఒక గూడు చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తున్నాడు.

"పండగని షెడ్డు మూసేసిరి. లోపల పురుగు రెక్కలు కట్టుకుంటాండాదమ్మా. తొలుచుకోని బయటికొస్తే దారం తెగిపోతాది, ఎవురూ కొనరు. ఈ పొద్దు వేలంలో పోతాయా?"

"పోతాయి" అనేశాను. అంత ధైర్యంగా ఎందుకన్నానో నాకే తెలీదు.

సర్వర్‌కు విభూతి, కుంకుమ బొట్టు. దాని ముందే కూర్చుని చూస్తే డేటాబేస్ శుభ్రంగా పనిచేస్తోంది. కౌంటర్ నుంచి అడిగితే మాత్రం పొమ్మంటోంది. కేబుళ్లు పీకి పెట్టాను. ఫైర్‌వాల్ చూశాను. మేనేజరు వెనకే నిలబడి "అయిందా?" అంటుంటే ఒళ్లు మండింది. టీ తెమ్మని బయటికి పంపాను.

ఏమీ తోచక, కౌంటర్ కంప్యూటర్ సర్వర్‌ను వెతికే అడ్రస్‌ను దాని బ్రౌజర్లోనే కొట్టాను. తెరమీద షెడ్డు గేటు కనబడింది. దాని పక్కన ఆ రైతు, చెవి దగ్గర గూడు. ఆ అడ్రస్‌లో ఉన్నది సర్వర్ కాదు, సీసీ కెమెరా!

టీతో వచ్చిన మేనేజరును అడిగాను. "పూజయినాక ఏది ముందు ఆన్ చేసినారు?"

"కెమెరాలు మేడం. సర్వర్ పెద్దది కదా, హారతిచ్చి ఆఖర్న ఆన్ చేస్తిమి."

నవ్వాగలేదు. అక్కడ అడ్రస్‌లు పంచేది రౌటర్. ముందొచ్చినదానికి ముందు సీటు. పెద్దదానికి మర్యాదలు చేస్తుండగా కెమెరా వచ్చి దాని సీట్లో కూర్చుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు, ఆ అడ్రస్ ఇక సర్వర్‌కేనని రౌటర్లో కట్టిపడేసి, అన్నింటినీ ఆపి మళ్లీ ఆన్ చేశాను. కౌంటర్ తెర తెరుచుకుంది.

వేలంలో రైతు గూళ్లు పోయాయి. ఇంటికి వెళ్తూ ఆయన నా దగ్గరికొచ్చి గుప్పిట విప్పాడు. చిల్లుపడిన గూడు, పక్కన తెల్లటి రెక్కలపురుగు.

"ఇదొక్కటే మీ సర్వర్ కోసం ఆగలేదమ్మా" అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. అప్పుడే తొలుచుకుని వచ్చినట్టు ఆ రెక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి. "పోతాయి" అని పొద్దున ఆయనకు చెప్పిన మాట గుర్తొచ్చి, నాకు అప్పుడు భయమేసింది.