చిట్టికి తీసిపెట్టిన ఎండు ద్రాక్ష

మొన్న పక్కింటివారి కుక్కకు టీకా వేయించడానికి తోడుగా కొత్తగూడలోని పశువైద్యశాలకు వెళ్ళినప్పుడు, అక్కడి గోడమీద కుక్కలకు పెట్టకూడని తిండి బొమ్మలు కనిపించాయి. చాక్లెట్టు, ఉల్లిపాయ, వాటి కింద ఒక ద్రాక్షగుత్తి. వాళ్ళ వంతు వచ్చి లోపలికి పిలిచినా నేను ఆ గుత్తి దగ్గరే నిలబడిపోయాను.

ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనదాన్ని కనుక, జ్ఞాపకాన్ని సాక్ష్యంగా అంత తేలికగా ఒప్పుకోలేను. మా నల్లకుక్క చిట్టి మూత్రపిండాలు చెడిపోయి చనిపోయిందన్నది నిశ్చయం. రక్తపరీక్ష ఫలితాన్ని నేనే చదివాను. అంతకుముందు దానికి పిడుదుల జ్వరం సోకిందన్నదీ నిశ్చయమే. డాక్టరుగారు సూక్ష్మదర్శినిలో ఆ క్రిములను నాకు చూపించారు. వేపనూనె రాస్తే పిడుదులు పట్టవన్నది వాచ్‌మన్ మాట, నల్లకుక్కకు రోగాలు రావన్నది మా ఆడపడుచు మాట. రెండింటికీ నాకు ఆధారం దొరకలేదు.

అప్పటికి కొత్తగూడ కూడలిలో ఫ్లైఓవర్ లేదు. మా అపార్ట్‌మెంటు వెనక బండరాళ్ళు, తుప్పలు ఉండేవి. మన తరంలో ఇటువైపు తొలినాళ్ళలో ఇల్లు కొనుక్కున్నవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. వానాకాలంలో చిట్టి ఆ తుప్పల్లో తిరిగివచ్చి, ఒంటినిండా పిడుదులు మోసుకొచ్చేది. ఇంట్లో కుక్క ఉంటే తాను గోదావరి ఒడ్డుకే తిరిగి వెళ్ళిపోతానని బెదిరించిన మా అత్తగారే, కొన్నాళ్ళకు దాని చెవిని ఒళ్ళో పరుచుకుని, చిన్న పట్టకారుతో వాటిని ఏరి కిరసనాయిలు నీళ్ళలో వేయడం మొదలుపెట్టారు. శుక్రవారం ఆవిడ చక్కెర పొంగలి చేసేవారు. చక్కెర వ్యాధి వల్ల తాను తినకూడదు కాబట్టి, తన వంతు ప్రసాదంలో నేతిలో వేగి ఉబ్బిన ఎండు ద్రాక్షలను ఏరి చిట్టికి పెట్టేవారు. దేవుడి ప్రసాదం హాని చేస్తుందన్న ఊహ ఆవిడకే కాదు, ప్రతిదానికీ రుజువడిగే నాకూ రాలేదు.

ఒక వానాకాలం చిట్టికి పట్టుకున్న పిడుదుల జ్వరం మందులతో తగ్గింది. అది మళ్ళీ తోక ఆడించింది, పాలన్నం తింది. ఆ తరువాతి శుక్రవారం దాటాక వాంతులు పట్టుకున్నాయి, మూత్రం ఆగిపోయింది. డాక్టరుగారు సెలైను ఎక్కిస్తూ, ఏమేం తిన్నదని అడిగితే అత్తగారే అన్నీ చెప్పారు. ద్రాక్ష కొన్ని కుక్కలకు పడదని ఎక్కడో చదివినట్టు ఆయన నాతో పక్కకు వచ్చి చెప్పిన మాట, ఆవిడ చెవిన పడనే పడింది. చిట్టి ఆ బల్లమీదే పోయింది.

"ఫికర్ పెట్టుకోకు అమ్మా, జ్వరం తోటే పోయింది. నీ ప్రసాదం ఏం జెయ్యలే," అన్నారు డాక్టరుగారు.

అత్తగారు ఆయనవైపు చూడలేదు. "ఆయన దయగలవాడు, అలాగే అంటాడు. కాఫీ వేడిగా ఉందన్నా రుజువడిగే దానివి, నువ్వు చెప్పవే అమ్మాయ్. నా వల్లేనా?"

"రెండిట్లో ఏదైనా కావచ్చు అత్తయ్యగారూ. తెలియదు," అన్నాను. అది నిజం. ఆ నిజం ఆవిడకు ఎందుకూ పనికిరాలేదు. ఆ తరువాత ఆవిడ పొంగలి మానలేదు గాని, అందులో జీడిపప్పు తప్ప మరేదీ వేయలేదు. ఎందుకని అడిగిన చుట్టాలకు, ద్రాక్ష పులుపెక్కుతోందని చెప్పేవారు. నేను పక్కనే ఉండి వినేదాన్ని.

ఇప్పుడు తుప్పలు లేవు, బండలు లేవు. పిడుదులకు నెలనెలా వేసే మాత్రలున్నాయి. అప్పట్లో డాక్టరుకే సగం తెలిసిన సంగతి ఈనాడు గోడమీద బొమ్మయింది. అత్తగారు కాలం చేశాక దీని గురించి దొరికినదంతా చదివాను. ఎన్ని ద్రాక్షలు ఏ కుక్కకు ముప్పో ఇప్పటికీ కచ్చితంగా ఎవరూ చెప్పలేకపోతున్నారు. చిట్టి విషయంలో జ్వరమా, ద్రాక్షా అన్నది ఇక ఎన్నటికీ తేలదు. మూత్రపిండం ముక్క తీసి పరీక్షకు పంపితే ఏమైనా తెలియవచ్చునని, చిట్టి పోయిన కాసేపటికి డాక్టరుగారు అన్నారు. "పొడిచిన సూదులు చాలు, దాన్ని కొయ్యనివ్వను," అన్నారు అత్తగారు. నేను పట్టుబట్టలేదు. చిట్టి చెవి అప్పటికింకా ఆవిడ చేతిలోనే ఉంది.