మోగలేదు అన్నాను

ఇరవై ఏళ్లుగా ఒక్క మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. నేనన్న మాటే.

బోధన్‌లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. నోరున్న మనిషినని పేరు. స్టాఫ్ రూములో నా మాటకు ఎదురుండేది కాదు. అలాంటిదాన్ని ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను.

పిల్లల చేతుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. బడి టైములో ఫోన్ ఉండకూడదని పట్టుబట్టింది నేనే. పొద్దున ప్రార్థన కాగానే ఫోన్లన్నీ స్టాఫ్ రూములో నా బల్ల మీది బిస్కెట్ డబ్బాలో వేయాలి, సాయంత్రం గంట కొట్టాక తీసుకోవాలి. ఆ నియమం తప్పని ఇప్పటికీ అనను.

పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. రూతు అందాం, అసలు పేరు అది కాదు. రెంజల్ దగ్గరి ఊరు. తండ్రి లేడు, తల్లి చెరకు కోతకు పోయేది. ఆ తల్లికి కువైట్‌లో ఇంటి పని కుదిరింది. ఏజెంటు జీపు ఏ రోజు వస్తే ఆ రోజే బయలుదేరాలి. రూతు నాకు ముందే చెప్పి పెట్టింది.

"జీపొచ్చిన దినం మా అమ్మ బోధన్ బస్టాండు కాడికెళ్లి మూడుసార్లు మిస్డ్ కాల్ ఇస్తది టీచర్. మీరు ఎత్తకుండ్రి. మోగిందని చెప్తే సాలు, ఉరికి సూసొస్త."

అప్పట్లో మాకందరికీ ఫోన్ మాట్లాడటానికి కాదు, మోగించడానికి. ఒకసారి మోగితే ఇల్లు చేరినట్టు, రెండుసార్లయితే బస్సెక్కినట్టు. ఎవరి లెక్క వాళ్లది.

ప్రీఫైనల్ లెక్కల పరీక్ష మొదలైన కాసేపటికి డబ్బాలో రూతు ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి కూడా. స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. లేచాను. గుమ్మం దాకా వెళ్లి ఆగాను. ఈ పిల్ల లెక్కల్లో వందకు వంద తెస్తుందని అందరి దగ్గరా గొప్పలు పోయాను, ఇప్పుడు చెబితే పేపరు వదిలేసి పరుగెత్తుతుంది, పరీక్ష కాగానే చెబుదాం, జీపు అంతలోనే పోతుందా అనుకున్నాను. పిల్ల కోసమే ఆగానా? నా పేరు కోసం కాదా? పిల్ల కోసమేనని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను.

పరీక్ష అయ్యేసరికి ఫోన్ మోగి రెండు గంటలు దాటింది. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే? భయమేసింది. ఆ పిల్ల ఫోన్ తీసి మిస్డ్ కాల్స్ తుడిచేశాను. తెలియక చేశాననలేను. ఏ బటన్ నొక్కాలో వెతుక్కుని మరీ నొక్కాను.

రూతు పరుగున వచ్చింది. "మోగిందా టీచర్?"

"మోగలేదు."

వారం తర్వాత తల్లి కువైట్ నుంచి ఫోన్ చేసిందట. మూడుసార్లు మోగించాననీ, జీపువాడు తిట్టేదాకా బస్టాండులోనే నిలబడ్డాననీ ఏడ్చిందట. అది చెప్పడానికి రూతు నా దగ్గరికే వచ్చింది.

"ఉత్తదే టీచర్. ఫోన్ల ఒక్కటి గూడ లేదు. చెప్పకుండ పోయి ఇప్పుడు అబద్ధమాడుతున్నది. మీరు చెప్పిండ్రు గద, మోగలేదని."

నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పాను కూడా. "పోయి చదువుకో" అన్నాను.

రూతుకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. తల్లి ఫోన్ చేస్తే ఎత్తడం మాత్రం మానేసింది. ఇప్పుడు నిజామాబాద్‌లో నర్సు. మొన్న బీపీ చూపించుకోవడానికి వెళితే గుర్తుపట్టి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అమ్మ ఎలా ఉందని అడిగాను.

"వాపసొచ్చి ఊర్లనే ఉంటున్నది టీచర్. నేను పోను" అంది, నా చేతికి పట్టీ చుడుతూ. బీపీ ఎక్కువే ఉందని, ఏం ఆలోచించొద్దని చెప్పింది. తలూపి వచ్చేశాను.

ఆ పిల్లకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది చాలదని తెలుసు. అయినా ఒక్కసారి రాయనివ్వండి. మోగింది. మూడుసార్లు మోగింది. నేను విన్నాను.