శుక్రవారం జనం

మొన్న కరీంనగర్ నుంచి మా మేనకోడలు వచ్చి, చెప్పులు విప్పిందో లేదో, ల్యాప్‌టాప్ తెరుచుకుని నా మంచం మీద పక్కనే కూర్చుంది. గల్ఫ్ క్యాంపుల్లో ఉండే మన జిల్లాల వాళ్ళకు ఇంటి తిండి పంపే వ్యాపారం పెడుతుందట. సకినాలు, గరిజెలు, మామిడికాయ తొక్కు ఇక్కడి ఆడవాళ్ళ చేత చేయించి డబ్బాల్లో పంపుతుందట. అందుకోసం వచ్చే నెల ఉన్న ఉద్యోగం మానేస్తుందట. మన పల్లెల నుంచి అక్కడ ఎంతమంది ఉన్నారు, అందులో కొనేవాళ్ళెందరు, మొదలుపెట్టడానికి ఇది సరైన సమయమేనా అని తెర మీద రంగురంగుల గీతలు చూపించింది. క్యాంపుల్లో ఉన్నవాళ్ళకు ఫోన్లు చేసి మరీ అడిగిందట, ఒక్కడూ వద్దనలేదట. "అందరు కావాలనే అన్నరత్తా, మార్కెట్ మస్తు పెద్దగుంది" అని అది మురిసిపోయింది. అచ్చం ఇదే మురిపెం నేను ఒకప్పుడు దాని బాపు, మా అన్న మొఖంలో చూశాను.

మన ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, ఫోనంటే బస్టాండు దగ్గర అద్దాల గదిలో ఉండే వస్తువైన రోజులవి. లక్సెట్టిపేట దాటాక గోదావరి పక్కన మా పుట్టిల్లు. నేను పెద్దపల్లిలో పంతులమ్మగా పనిచేస్తూ బడి సెలవులకు అక్కడికి వెళ్తుండేదాన్ని. మా అన్న మస్కట్‌లో మేస్త్రీ పని చేసి, చాలా ఏళ్ళకు సెలవు మీద వచ్చాడు. ఆటో దిగి చేతులు చాచేసరికి, ఇదిగో ఈ పిల్లే, అప్పుడు ఇంకా మాటలు కూడా సరిగా రావు, ఎవరో పరాయివాడని బెదిరి మా వదిన చీరకొంగు వెనక దాక్కుని గుక్కపట్టి ఏడ్చింది. అన్న చాచిన చేతులు చాచినట్టే నిలబడిపోయాడు. "నేనిగ పోను చెల్లె. బిడ్డకే నా మొఖం ఎర్కలేకపాయె, ఎవలకోసం సంపాయించుడు" అన్నాడు నాతో. పోకుండా ఉండాలంటే ఇక్కడ ఒక బతుకుతెరువు కావాలి కదా, అదే వెతకడం మొదలుపెట్టాడు.

ప్రతి శుక్రవారం లక్సెట్టిపేట పోయి, ఫోను బూతుకు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చునేవాడు. శుక్రవారం అక్కడ గల్ఫ్‌లో సెలవు. బూతు ముందు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకన పిల్లలతో తల్లులు రోడ్డు మీది దాకా నిలబడి ఉండేవాళ్ళు, బస్సులు హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోయేవి. అబ్బో, ఆ జనాన్ని చూసి వచ్చిన రోజు మా అన్న సంబరం ఏం చెప్పను! వీళ్ళంతా మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కదా, బస్సెక్కి ఇంత దూరం రావడమెందుకు, మన ఊరి ముందటి కమాన్ దగ్గరే బూతు పెడితే అందరూ మన దగ్గరికే వస్తారు అన్నాడు. అంతటితో ఊరుకోక లూనా వేసుకుని ఊరూరా తిరిగి, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లల్లా ఎక్కి, ఫోను పెడితే వారం వారం మాట్లాడుతారా అని అడిగాడు. అందరూ మాట్లాడుతామనే అన్నారు. ఒక ముసలమ్మ అయితే గదుమ పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ, జల్ది పెట్టు కొడుకా, మా పిలగాని గొంతు వారం వారం ఇంట" అని బతిమాలిందట.

ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మా ఊరి దాకా లైను రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోపు అన్న తిరిగి పోవలసిన గడువు దగ్గర పడింది, దాటింది, వీసా పోయింది. పోతే పోయింది పీడ అన్నాడు. అద్దాల గది, గోడకు ఎర్ర అంకెల మీటరు, బయట పొడుగాటి బల్ల, అన్నీ తనే దగ్గరుండి చేయించాడు. నేను ఆ మొదటి శుక్రవారం అక్కడే ఉన్నాను. పొద్దెక్కక ముందే బల్ల నిండిపోయి జనం కింద కూడా కూర్చున్నారు, వదిన పెద్ద గిన్నెలో చాయ్ పెట్టి అందరికీ పోసింది. పగలంతా గడిచింది, ఒక్కరూ లేచి ఫోను చేయలేదు. అందరూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు తెలిసింది మాకు. వాళ్ళంతా మా బూతు నంబరు తమ వాళ్ళకు ఉత్తరాల్లో రాసి పంపారు. ఫోను చేయవలసింది అక్కడివాడు, ఖర్చు అక్కడివాడిది. ఇక్కడివాళ్ళు మోగేదాకా కూర్చోవడమే. లక్సెట్టిపేట బూతు ముందు నిలబడ్డ జనం కూడా అంతే, మోగితే లేచి పరుగెత్తడానికి నిలబడ్డవాళ్ళు. అన్నేళ్ళు మస్కట్‌లో ఉన్నవాడికి, మా వదిన ఒక్కసారైనా ఇటునుంచి ఫోను చేసి ఎరగదని తెలియదా? తెలుసు. అయినా ఆ జనంలో వాడికి మాట్లాడాలన్న ఆరాటం ఒక్కటే కనిపించింది, ఎందుకంటే వాడి కడుపులో ఉన్నదీ అదే.

వచ్చే ఫోనుకు కూడా ఇంత అని తీసుకునే పద్ధతి బయట ఉండేది. మా అన్నకు మనసు రాలేదు. "ఏడ్సుకుంట బయటికొచ్చేటామెను ఎట్లడుగుత చెల్లె" అనేవాడు. పైగా ఎవరైనా కరీంనగర్‌కో ఆదిలాబాద్‌కో మాట్లాడదామని వస్తే, బల్ల మీదివాళ్ళంతా మావాడి ఫోను కలవదని లొల్లి పెట్టేవాళ్ళు, అప్పుడు మా మహానుభావుడే వచ్చిన గిరాకీని రేపు రమ్మని పంపేసేవాడు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అట్లా ఈదుకొస్తుండగానే శ్రీరాంపూర్ నుంచి మా చిన్నక్క కొడుకు చేతిలో సెల్లుఫోనుతో దిగాడు. అన్న దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మళ్ళీ ఏజెంటు చుట్టూ తిరిగాడు. పోనన్న మనిషి పోయాడు, ఈసారి మేస్త్రీ పని కూడా దొరకక కూలీగా పోయాడు. బూతు వదిన చూసుకునేది. ఒక శుక్రవారం నేను పోయేసరికి, వదిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అందరితోపాటు అదే బల్ల మీద కూర్చుని, తన మొగుడు పెట్టిన ఫోనులో తన మొగుడి పిలుపు కోసం చూస్తోంది. నేను ఆమె పక్కన కూర్చోలేక లోపలికి పోయి ఏడ్చాను. నెమ్మదిగా ఇంటింటికీ సెల్లులు వచ్చాయి, బల్ల ఖాళీ అయింది, అన్న మాత్రం ఆ నంబరుకే చేసేవాడు. ఒక శుక్రవారం ఫోను మోగలేదు. క్యాంపులో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడని మర్నాడు కబురు వచ్చింది. శవపెట్టె కోసం ఎన్ని రోజులు ఎదురు చూశామో తలుచుకోవడం నా వల్ల కాదు.

తర్వాత అన్న గదిలోనే ఉండిన జగిత్యాల ఆయన సామాను ఇచ్చిపోవడానికి వచ్చాడు. ఎవరికైనా ఇంటి నుంచి సకినాలు వస్తే అన్న ఒక్కటే తీసుకుని, ఒక్కో పలుకూ విరుచుకుంటూ పొద్దంతా తినేవాడట. నీకూ పంపమని ఇంటికి చెప్పరాదా, డబ్బులిచ్చి తెప్పించుకోరాదా అంటే, "గా ఖర్చు నా బిడ్డకైతది తియ్" అనేవాడట. వదిన ఆ మాట విన్నాక మళ్ళీ ఎప్పుడూ సకినాలు చుట్టలేదు. ఈ సంగతి మేనకోడలికి మేమెవరమూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ కమాన్ దగ్గర బూతూ లేదు, బల్లా లేదు. శుక్రవారం కోసం చూసేవాళ్ళు లేరు, ఏ వేళప్పుడైనా మొఖాలు చూసుకుని మాట్లాడుకుంటున్నారు. పోయేవాళ్ళు మాత్రం ఇంకా పోతూనే ఉన్నారు, వాళ్ళకు ఏది కావాలో అడిగి లెక్క కట్టేవాళ్ళూ పుడుతూనే ఉన్నారు.

"చెప్పత్తా, బాపు అసొంటోల్లు నెలకెన్నిసార్లు తెప్పిచ్చుకుంటరు? గీడ ఒక అంకె వెయ్యాలె" అని మేనకోడలు తెర మీద ఖాళీ గడి చూపించింది.

"సున్నా వెయ్యి బిడ్డా" అన్నాను.

పరాచికమాడుతున్నాననుకుని నవ్వింది. "గట్లెట్లత్తా? సకినాలంటే బాపుకు పానమని నువ్వే అంటివి గద!"

"పానమే బిడ్డా" అన్నాను. చెయ్యి చాపి ఆ గడిలో సున్నా నేనే నొక్కాను.