వదిన మట్టి చదువు

మా వదిన నలభై దాటాక మళ్ళీ స్టూడెంట్ అయింది. అంతకుముందు చాలా ఏళ్ళు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పింది. ఆ స్కూల్ని ఇంకో పెద్ద స్కూల్లో కలిపేసినప్పుడు, అక్కడ కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు అప్పటికే ఉన్నారని ఈవిడకి లైబ్రరీ అప్పగించారు. ఒక ఏడాది పుస్తకాలకి అట్టలు వేసింది. మరుసటి ఏడాది ఒకరోజు అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, కూర వడ్డిస్తూ, "రీసెర్చ్‌కి అప్లై చేశాను. సీటొచ్చింది" అంది.

అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా అమ్మ మాత్రం తేరుకుని, "దేనిమీద?" అని అడిగింది.

"మట్టి మీద అత్తయ్యా."

"మట్టి మీద చదవడానికేముంటుంది తల్లీ? కాలికంటితే కడుక్కోవడమే కదా."

అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. మర్నాటి నుంచే డిపోలో అందరికీ "మా ఆవిడ డాక్టరవుతోంది" అని చెప్పుకున్నాడు. ఎవరో మోకాలి నొప్పికి మందడిగితే అప్పుడు "ఆ డాక్టరు కాదు, మట్టి డాక్టరు" అని సర్దుకున్నాడు. అప్పటి నుంచి డిపోలో వదిన పేరు మట్టి డాక్టరే.

గైడ్‌గా కుదిరినాయన వదినకంటే చిన్నవాడు. చిన్న అంటే మామూలు చిన్న కాదు, ఒకప్పుడు స్కూల్లో వదిన దగ్గరే కెమిస్ట్రీ నేర్చుకున్నవాడు. మొదటిరోజు వదిన గదిలోకి అడుగుపెట్టగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

"కూర్చోండి టీచర్."

"ముందు మీరు కూర్చోండి సార్."

"మీరు నన్ను సార్ అంటే నాకు భయంగా ఉంటుంది టీచర్. ఏదో తప్పు చేసినట్టుంటుంది."

"మీరు నన్ను టీచర్ అంటే ఈ పిల్లలంతా నా దగ్గరికి హోంవర్క్ పట్టుకొస్తారు."

ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారట. రాజీ కుదరలేదు. చివరిదాకా ఆయన టీచర్ అనే అన్నాడు, ఈవిడ సార్ అనే అంది.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. వదిన పని కూడా ఎక్స్‌రే మెషీన్ మీదేనని తెలిశాక నాకు కుతూహలం పుట్టింది. ఒక ఆదివారం ఇద్దరం బీరువా సర్దుతుంటే, "మట్టికి ఎముకలుంటాయా వదినా?" అని అడిగాను.

"రేకులుంటాయి" అంది. "బంకమట్టి అంతా కంటికి కనిపించని రేకుల దొంతర. ఇదిగో, ఈ దుప్పట్లలాగ. రేకుకీ రేకుకీ మధ్య సన్నటి సందు. ఆ సందులోకి నేనొక రసాయనాన్ని దూర్చాలి. దుప్పట్ల మధ్య తలగడ దూరిస్తే దొంతర ఎత్తు పెరుగుతుంది కదా? ఆ ఎత్తు కొలవడమే నా పని."

"పెరిగితే ఏం లాభం?"

"రంగునీళ్ళలో వేస్తే రంగు వెళ్ళి ఆ సందుల్లో చిక్కుకుంటుందని ఆశ."

మా ఇంటి వెనక కాలవ ఉంది. ఎగువన అద్దకం షెడ్లు ఉండబట్టి అది ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారుతుంది. వదిన ఎందుకీ మట్టి పట్టుకుందో నేను వేరే అడగలేదు.

ఒకసారి సెలవు పెట్టి ఆమె ల్యాబ్‌కి వెళ్ళాను. పొడుగాటి గది, కిటికీల పక్కన రాతి బల్లలు, పగిలిన మూతల సీసాలు. పని వంటింటి పనిలాగే ఉంది. మట్టిని నీళ్ళలో నానబెట్టి, ఇసుక అడుక్కి దిగాక పైనున్న మెత్తటి భాగం తీసుకోవాలి. రసాయనం కలిపి వేడి మీద పూటలకి పూటలు కలియబెట్టాలి. గిర్రున తిప్పే మెషీన్‌లో పెట్టి నీళ్ళు తీసేయాలి, కడగాలి, మళ్ళీ తిప్పాలి. ఆరాక కల్వంలో నూరి, ఆ పొడిని గాజుపలకలోని గుంటలో పోసి, ఇంకో గాజుతో పైన చదునుగా అదమాలి. అప్పుడు ఎక్స్‌రే. మా మెషీన్ బొమ్మ ఇస్తుంది. ఆమెది గీత ఇస్తుంది. ఆ గీత ఒకచోట గోపురంలా లేస్తుంది. గోపురం ఎడమకి జరిగితే సందు పెద్దదైనట్టు, కుడికి జరిగితే మూసుకున్నట్టు.

"నీకు ఎముక కనిపిస్తుంది. నాకు వీధిలోంచి నీడ చూసి ఇంట్లో ఎవరున్నారో చెప్పినట్టుంటుంది" అంది వదిన.

రెండేళ్ళు ఆ గోపురం కదల్లేదు. రసాయనం మార్చింది, వేడి మార్చింది, కడిగే తీరు మార్చింది. అమ్మ రోజూ సాయంత్రం "జరిగిందా?" అని అడిగేది, ఏదో పెళ్ళిసంబంధం సంగతి అడిగినట్టు. వదిన తల అడ్డంగా ఊపి టీ గ్లాసు అందుకునేది.

ఆ ఏడాది వానలు పట్టాక ఒకరోజు వదిన గొడుగు కూడా ముడవకుండా ఇంట్లోకి వచ్చింది. "జరిగింది అత్తయ్యా" అంది. గీత అచ్చేసిన కాగితం బల్లమీద పరిచింది. అన్నయ్య దాన్ని పైకీ కిందికీ తిప్పి చూసి, "బావుంది, చాలా బావుంది" అన్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడని ఎవ్వరం అనలేదు.

గైడ్ ఆనందం ఇంతా అంతా కాదు. త్వరలో ఒక పెద్ద సెమినార్ ఉంది. దేశమంతటి నుంచీ మట్టివాళ్ళు వస్తారు. అక్కడ వదినే మాట్లాడాలని ఆయన పట్టుబట్టాడు. ఈ ఫలితం నిలబడితే థీసిస్ దాదాపు అయిపోయినట్టేనన్నాడు. వదిన అద్దం ముందు నిలబడి మాట్లాడటం ప్రాక్టీసు చేసేది. అన్నేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి కూడా మధ్యలో ఆగి కాగితం చూసుకునేది.

ఈలోగా ఎక్స్‌రే మెషీన్ చెడిపోయింది. మెకానిక్ వచ్చి బాగుచేసి, "తెలిసిన శాంపిల్ ఏదైనా ఒకటి పెట్టి చూసుకోండి" అని చెప్పి వెళ్ళాడు. వదిన బల్లమీద మూతలేని గిన్నెలో ఉన్న మామూలు మట్టి, ఏ రసాయనమూ కలపనిది, తీసి పెట్టింది. దాని గోపురం కూడా ఎడమకే జరిగి ఉంది. తను రసాయనం కలిపిన మందు మట్టిది ఎక్కడుందో, సరిగ్గా అక్కడే.

మెషీన్ ఇంకా కుదురుకోలేదనుకుంది. కానీ ఎంత తీసినా ఆ మట్టిలో కాస్త సన్నటి ఇసుక మిగులుతుంది. గీతలో ఆ ఇసుకకి వేరే చిన్న గోపురం ఉంటుంది, అది ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అంటే మెషీన్‌ది తప్పు కాదు.

ఆ సాయంత్రం మేడమీద ఆరని బట్టలు తీస్తుంటే నాతో ఈ సంగతంతా చెప్పింది. గొంతులో కంగారు లేదు. దానికే నాకు భయమేసింది.

"మామూలు మట్టి గీత నేను ఎండాకాలంలో తీశాను. మందు మట్టి గీత వానల్లో తీశాను. మునుపటి వానల్లో ఆరబెట్టగానే మెషీన్‌లో పెట్టేదాన్ని, ఈసారి గిన్నె మూతలేకుండా బల్లమీదే ఉండిపోయింది. ఈ మట్టి గాల్లో తేమ కూడా పీలుస్తుంది. నీళ్ళు దూరినా సందు పెరుగుతుంది. క్లాసులో నేను చెప్పిన సంగతే ఇది."

నాకు మా ఆసుపత్రిలో జరిగింది గుర్తొచ్చింది. "మొన్నామధ్య ఒకావిడ తలంటుకుని తడిజడతో వచ్చింది వదినా. మెడకి ఎక్స్‌రే తీస్తే డాక్టరుగారు ఏదో గడ్డేమో అనుకున్నారు. జడ విప్పి పైకి ముడేయించి మళ్ళీ తీస్తే ఏమీ లేదు."

వదిన నవ్వింది. "నేనూ జడ విప్పి చూడాలి" అంది.

మర్నాడు మందు మట్టిని ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, గాలి తగలకుండా మూతపెట్టి తీసుకెళ్ళి వెంటనే మెషీన్‌లో పెట్టింది. గోపురం కుడికి, పాత చోటుకి వచ్చేసింది. సందులో ఉన్నది నీళ్ళే. రసాయనం లోపలికి వెళ్ళనే లేదు.

గైడ్ ఆ గీతని పాత గీత పక్కన పెట్టి చూశాడట. తర్వాత, "సెమినార్ వచ్చే వారమే టీచర్. పాత గీతే చూపిద్దాం. ఇంకా పరిశీలిస్తున్నాం అందాం. అబద్ధం కాదు కదా" అన్నాడు.

"ఇది చూశాక అది ఎలా చూపిస్తాం సార్?"

"అందరూ అన్నీ చూపించరు టీచర్. నా ప్రాజెక్టు దీనిమీదే ఆధారపడి ఉంది. నా మాట కూడా వినండి."

అప్పుడు వదిన నోటివెంట, "నువ్వు ఇలాంటివాడివి కాదు కదా" అని వచ్చేసింది. ఆ నువ్వు విని ఇద్దరూ ఉలిక్కిపడ్డారట. "సారీ సార్" అని ఈవిడ బ్యాగు తీసుకుని ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత కొన్నిరోజులు ల్యాబ్‌కి వెళ్ళలేదు. ఇంట్లో ఉన్న ప్రతి డబ్బానీ తోమింది. మాట్లాడితే జవాబు చెప్పేది, అంతే. ఒకరాత్రి భోజనాలప్పుడు, "మానేస్తానేమో" అంది. అన్నయ్య తొందరపడలేదు. నీళ్ళు తాగి, "మానేస్తే మానెయ్. డిపోలో నేను చెప్పుకుంటాలే" అన్నాడు. "కానీ కోపంలో మానకు. నేను కోపంగా ఉన్నప్పుడు బస్సు తియ్యను, కాసేపు కూర్చుని తీస్తాను." అమ్మ వదిన కంచంలో ఇంకాస్త కూర వేసింది.

ఆదివారం ఉదయం గైడ్ మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆయన చేతివేళ్ళ సందుల్లో బూడిదరంగు మట్టి కనిపించింది. టీ ఇచ్చి నేను పక్కగదిలోకి వెళ్ళాను గానీ తలుపు వేసుకోలేదు.

"నేనే మళ్ళీ మొదట్నించి చేశాను టీచర్. కడగడం, ఆరబెట్టడం, అన్నీ. మీరన్నట్టే ఉంది."

"చూడగానే నాకు ఏడుపొచ్చింది సార్."

"ఎండాకాలం గీత పక్కన వానాకాలం గీత పెట్టినప్పుడు అడగాల్సింది నేను. గైడ్‌ని కదా." టీ గ్లాసు కింద పెట్టి, "సెమినార్‌లో రెండు గీతలూ చూపిద్దాం. భయమైతే నేను మాట్లాడతాను" అన్నాడు.

"నేనే మాట్లాడతాను" అంది వదిన.

సెమినార్‌కి నన్ను కూడా తీసుకెళ్ళింది. ఆమె వంతు భోజనాల తర్వాత వచ్చింది. సగం కుర్చీలు ఖాళీ, మిగతా సగంలో కునుకుపాట్లు. వదిన రెండు గీతలూ చూపించి, మేము పొరపడ్డాం, ఇలా పొరపడ్డాం, ఇలా తెలుసుకున్నాం అని స్కూల్లో చెప్పినట్టే చెప్పింది. చప్పట్లు మర్యాదకి కొట్టారు. గైడ్ చేతులు కట్టుకుని కింద నేల చూస్తున్నాడు. అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దావిడ మైకు అడిగింది.

"సందులోకి వెళ్ళలేదు, సరే. కానీ ఎంత కడిగినా మీ రసాయనం మట్టిని వదల్లేదని కూడా చెప్పారు. లోపల లేక, బయటికి పోక, మరి ఎక్కడుందమ్మా?"

వదిన తను చూపించిన గీతల వంక ఓసారి తిరిగి చూసింది. "తెలియదండీ."

"తెలుసుకుని చెప్పండి. నాకైతే అదే వినాలనుంది" అని ఆవిడ మైకు ఇచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో రైల్లో గైడూ వదినా ఎదురెదురుగా కూర్చుని ఆ ప్రశ్నే నమిలారు. రేకులకి లోపలి ముఖాలే కాదు, తెగిన అంచులు కూడా ఉంటాయి. అక్కడ పట్టి ఉంటుందా? పట్టిందని ఎలా తెలుస్తుంది? వాళ్ళ మాటలు వింటూ నేను నిద్రపోయాను. లేచేసరికి కూడా అంచుల దగ్గరే ఉన్నారు.

ఇంకో ఏడాదికి పైగా పట్టింది. చివరికి వదిన చేసింది వినడానికి తేలిక. అంచులకి మాత్రమే అంటుకునే ఇంకో పదార్థాన్ని ముందుగా మట్టికి పట్టించింది. ఆ తర్వాత తన రసాయనం కలిపింది. ఈసారి రసాయనం దాదాపు పట్టనేలేదు, కడిగితే పోయింది. ఉండాల్సిన చోటు అప్పటికే నిండిపోయింది కాబట్టి. అంటే అన్నాళ్ళూ అది ఉన్నది అంచుల్లోనే.

ఇది పెద్ద వార్తేమీ కాదు. అంచుల్లో చోటు తక్కువ. ఆ మట్టి కొన్ని రంగుల్ని బాగానే పట్టింది, కొన్నిటిని అసలు ముట్టుకోలేదు. కాలవ ఇప్పటికీ రంగురంగులుగానే పారుతోంది. కానీ థీసిస్ ఒప్పుకున్నారు. పరీక్షకి వచ్చినాయన వాననాటి గీతల భాగం రెండుసార్లు చదివానని చెప్పాడట. ఆ రోజు గైడ్ ల్యాబ్ వాళ్ళందరినీ పిలిచి, "డాక్టర్ టీచర్‌గారు" అన్నాడు. వదిన ఆయన వీపు తట్టింది, స్టూడెంట్‌ని తట్టినట్టే.

ఇప్పుడు అదే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తోంది. కొత్తగా వచ్చినవాళ్ళు మందు మట్టితోపాటు మామూలు మట్టిని కూడా అదే రోజు, అదే తీరున ఆరబెట్టి పెడితే తప్ప మెషీన్ తాళం ఇవ్వదు. కొంతమంది విసుక్కుంటారు. ఈవిడ వినిపించుకోదు.

ఈ వారం ఇంకో ఊళ్ళో ఉంది. అక్కడ రేకు అంచుని దగ్గరగా చూపించే పెద్ద మైక్రోస్కోప్ ఉందట, ఎన్నాళ్ళకో వాడుకోవడానికి వంతు దొరికింది. పొద్దున ఫోన్ చేసింది. మైక్రోస్కోప్ గది చల్లగా ఉంచుతారని తెలియక స్వెటర్ తీసుకెళ్ళలేదట. పక్కవాళ్ళ కోటు వేసుకుని కూర్చుందట.

"ఏమైనా కనిపించిందా?" అని అడిగాను.

"ఇంకా లేదు. సాయంత్రం దాకా నా వంతే" అంది. వెనకాలెవరో పిలిచారు. "మీ అన్నయ్యకి చెప్పు, తిన్నానని" అని పెట్టేసింది.