నాగాయలంకకు ఖాళీ బ్యాగుతో

ఉదయం ఆరున్నరకు గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాను. చేతిలో ఖాళీ బ్యాగు. మా అమ్మాయి భవ్యకు పదిహేడేళ్లు. నాగాయలంకలో మోటారు బోటు నడపడం నేర్పే శిబిరంలో ఉంది. పోయినేడు స్కూటీని ఏకంగా పంట కాలువలోకి దింపిన పిల్ల అది. "ప్రమాదం అనిపిస్తే బట్టలు సర్దించి తీసుకొచ్చేయండి," అంటూ మా ఆవిడ బ్యాగు ఇచ్చింది. పిల్ల క్షేమం కోసం కృష్ణమ్మలో వేయమని ఒక రూపాయి బిళ్ల కూడా ఇచ్చింది. పడుకునే ముందు గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకునే మనిషిని నేను. ఈ తనిఖీకి నాకంటే తగినవాడు లేడని నా నమ్మకం.

బందరులో దిగి ఇడ్లీ తిని, భవ్య కోసం అరకిలో లడ్డు కొని, నాగాయలంక బస్సెక్కాను. పక్కసీటులో చల్లపల్లి వెళ్తున్న పెద్దావిడ సంగతంతా రాబట్టింది.

"పిల్లకి ఈతొచ్చాండీ?"

"చక్కగా వచ్చండీ."

"మరి మీకు?"

"నేను ఒడ్డునే ఉంటానండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి చల్లపల్లిలో దిగిపోయింది. కంగారు పుడితే నాకు ఆకలెక్కువ. పులిగడ్డ వంతెన మీదే బిళ్ల వేసేద్దామంటే చేతినిండా లడ్డు. వంతెన దాటేసరికి పొట్లం సగమైంది.

పదకొండు దాటాక రేవుకు చేరాను. భవ్య ఎదురొచ్చి, పలకరించడం కన్నా ముందు నాకు లైఫ్ జాకెట్ తొడిగింది. "రండి సార్, మీ అమ్మాయి డ్రైవింగ్ చూద్దురుగాని," అన్నారు వాళ్ల కోచ్. ఒడ్డున ఉంటానన్న మాట నాకు గుర్తే రాలేదు. భవ్య మణికట్టుకు ఒక ఎర్ర తాడు తగిలించుకుంది. దాని రెండో కొస ఇంజనుకుంది.

"నడిపేవాళ్లు పడిపోతే ఇది ఊడి ఇంజను ఆగిపోద్ది నాన్నా. బోటు ఆగేదాకా మాత్రం లేవకు."

"నాకు చెప్తున్నావా?" అన్నాను.

నది మధ్యకొచ్చాం. అన్ని నీళ్లు చూడగానే రూపాయి గుర్తొచ్చింది. కూర్చుని వేస్తే కృష్ణమ్మకు మర్యాదగా ఉండదనిపించి, లేచి నిలబడి, బిళ్ల చేతుల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాను. బోటు ఒరిగింది. నేనూ ఒరిగాను. వెంటనే ఇంజను చప్పుడు ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి కోచ్ గారి ఒళ్లో ఉన్నాను. లాగేసిన ఎర్ర తాడు భవ్య చేతిలో ఉంది. దాని పెదాలు తెల్లబడ్డాయి గానీ గొంతు పెరగలేదు.

"దెబ్బేమన్నా తగిలిందా నాన్నా? లేదుగా. అయితే ఇప్పుడు బిళ్ల వెయ్యి. కూర్చునే."

కూర్చునే వేశాను. కృష్ణమ్మ ఏమీ అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, నిజం చెప్పొద్దూ, గర్వంగానూ ఉంది. కాలువలోకి స్కూటీ దింపిన పిల్ల, ముందు ఇంజను ఆపి, ఆ తర్వాతే నన్ను చూసుకుంది.

శిబిరంలోనే పప్పు, రొయ్యల వేపుడుతో భోజనం పెట్టారు. మిగిలిన లడ్డు భవ్యకిచ్చి మూడింటి బస్సెక్కాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. బిళ్ల వంతెన మీదే వేసేయండి, లడ్డు తర్వాత తినొచ్చు.

పులిగడ్డ దగ్గర ఫోన్ మోగింది. మా ఆవిడ.

"పిల్లని తీసుకొస్తున్నారా? అక్కడ ప్రమాదమేమన్నా ఉందా?"

ఖాళీ బ్యాగు ఒళ్లో సర్దుకున్నాను.

"మధ్యాహ్నందాకా ఉంది. ఇప్పుడు బస్సెక్కి ఇంటికొచ్చేస్తోంది," అన్నాను.