కళ్ళు మూయని ప్రార్థన

పటాన్‌చెరులో మా పెద్దమ్మ పోయింది. “ప్రభువునందు నిద్రించారు” అని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది చదివి ఏడుస్తూనే నవ్వాను. ప్రార్థనలో కూడా రెప్ప వాల్చని మనిషి నిద్రించిందంటే ఎలా నమ్మను?

అమ్మ చనిపోయాక అన్ననూ నన్నూ పెంచింది ఆమే. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టినప్పుడు అందరం తలలు వంచి కళ్ళు మూసుకునేవాళ్ళం. పెద్దమ్మ మాత్రం కొంగు నెత్తిన వేసుకుని, వంటింటి గడపలో కూర్చుని, ప్రార్థన చేసే ఆయననే చూస్తుండేది. అలా చూడొచ్చా అని చిన్నప్పుడు అడిగాను.

“నాకు దేవుని మీద అనుమానం లేదు బిడ్డా. ఆయన పేరు చెప్పుకొని ఇంట్లకొచ్చెటోని మీదనే. అందరు కండ్లు మూసుకుంటే ఇగ సూసెటోళ్ళెవరు?” అంది.

ఆమెన్ అనగానే లేచి చాయ్ పెట్టేది. “వాక్యం చెప్పేటప్పుడు అందరు మంచోళ్ళే. చాయ్ తాగేటప్పుడు సూడాలె” అనేది. వచ్చినాయన గ్లాసు తెచ్చిన పిల్లను మొహం చూసి పలకరించాడా లేదా, పక్కింటివాళ్ళ సంగతులు కూపీ లాగాడా, అన్నీ గమనించేది. మా పాత పాస్టరుగారు కూడా ఆమె ముందు కాస్త సర్దుకుని కూర్చునేవారు. ఇంత అనుమానమైతే ఎలా అని నాకు ఒక్కోసారి విసుగొచ్చేది.

అన్నకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్. రోజూ గోలీ వేసుకున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. బొల్లారంలో మందుల కంపెనీలో ఉద్యోగం. మందులు తయారుచేసే చోట పనిచేస్తూ మందంటేనే విసిగిపోయాడు. సరిగ్గా అప్పుడే రుద్రారం దగ్గర రేకుల షెడ్డులో, ప్రార్థనతోనే రోగాలు నయమవుతాయంటూ స్వస్థత కూటాలు నడిపే ఒకాయన తగిలాడు. ఆయన మా ఇంటికొచ్చి, అన్న తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. “ఇంక గోలీ మింగినవంటే నీకు విశ్వాసం లేనట్టే. ఇప్పుడే పోయి మోరీల పారెయ్యి తమ్మీ” అన్నాడు. అన్న గోలీల అట్ట పట్టుకుని మురికికాలువ వైపు వెళ్ళడానికి లేచాడు.

“కూసో కొడుకా. అయ్యగారిని జెర చాయ్ తాగనీ” అంది పెద్దమ్మ.

గ్లాసు అందుకోబోతూ ఆయన, “నాకు చక్కెర వద్దమ్మా” అన్నాడు.

“షుగరా అయ్యగారూ?”

“అవునమ్మా. పొద్దుగాల, మాపటీలి గోలీ ఏసుకుంటున్న.”

“అంటే మీ గోలీ మీ జేబుల ఉండాలె, మా పిల్లగాని గోలీ మోరీల పడాలె. ఇదేం న్యాయమయ్యా?”

“నాది వేరమ్మా. నేను పడిపోతే దేవుని పని ఆగుతది.”

“మావోడు మిషన్ కాడ నిలబడతడు. ఆడ పడితే ఇగ లేవడు” అంది పెద్దమ్మ. ఆయన చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

అన్నకు కోపమొచ్చి చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె మాత్రం అన్నం పెట్టినప్పుడల్లా కంచం పక్కన గోలీ పెట్టేది. “మాట్లాడకున్న మంచిదే, మింగు” అనేది. అన్న ఈరోజు బతికున్నాడంటే ఆ మొండితనమే కారణం. ఆ అనుమానం నాకూ అంటుకుంది. తెల్లబట్టలు, తియ్యటి మాటలు కనబడితే చాలు, ఇప్పటికీ నేను జాగ్రత్త పడతాను.

సమాధి చేసి ఇంటికొచ్చాక, ఈమధ్యే మా సంఘానికి వచ్చిన కుర్ర పాస్టరుగారికి నేనే చాయ్ ఇవ్వబోయాను. “చక్కెర లేకుండ ఇయ్యమ్మా” అన్నాడు. “షుగరా అయ్యగారూ?” అన్నాను, పెద్దమ్మ గొంతుతోనే.

ఆయన నొచ్చుకోలేదు. జేబులోంచి గోలీల అట్ట తీసి చూపించాడు. “నేను మొదటిసారి ఈ ఇంటికొచ్చిననాడు మీ పెద్దమ్మ గూడ గిట్లనే అడిగింది. ఎవలకు ప్రార్థన చేసినా, ముందుగాల మందు ఏసుకున్నరా అని అడుగు బిడ్డా అన్నది. ఆనాటి సంది అడుగుతనే ఉన్న.” అన్న వైపు తిరిగాడు. “అన్నా, పొద్దుగాల ఏసుకున్నవా?”

ఆ ఏడుపుల్లో ఎవరికీ గుర్తే లేదు. అన్న వంటింట్లోకి వెళ్ళి గోలీ, పెద్దమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చుకున్నాడు.

ఆదరణ ప్రార్థనకు అందరూ తలలు వంచారు. నేను వంచలేదు, అయ్యగారినే చూస్తున్నాను. ఆయన అన్నను చూస్తున్నాడు. గోలీ అన్న గొంతు దిగేదాకా కళ్ళు మూయలేదు.