మాచికాయ పొడి, ఒరికాసా మాస్టారు

ఒరికాసా మాస్టారిని మా కిసో లోయలో పిచ్చి మాస్టారనేవారు. ఆ పేరు ఊరంతా మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన బడిలో రసాయనశాస్త్రం చెప్పేవారు. అడిగినదానికి ఔననో కాదనో చెప్పి ఊరుకోవడం ఆయనకు చేతకాదు. ఊరబెట్టిన ముల్లంగి పసుపురంగులోకి ఎందుకు తిరుగుతుందని నోరుజారి అడిగామా, మర్నాడు పొద్దున్నే మన జాడీ మూత తీసి వాసన చూస్తూ కనిపిస్తారు. నాకేమో ముక్కు మీద కోపం. ఒంటరిగా ఫొటో స్టూడియో నడుపుకునే ఆడదానికి ఆమాత్రం లేకపోతే కుదరదు.

యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో ఆ పిచ్చి మాస్టారి అవసరం నాకే పడింది.

తోఫు చేసి అమ్ముకునే ముమే అక్కకు ఒక్కడే కొడుకు, రియోసాకు. సైన్యంలోకి వెళ్ళే ముందు నా దగ్గర ఫొటో దిగాడు. గాజుపలక మీద తీశాను గానీ, దాన్ని కడిగి బొమ్మ తేల్చే మందు అప్పటికే నిండుకుంది. మందు రాగానే కడుగుతానని పలకను నల్లకాగితంలో చుట్టి దాచాను. మందూ రాలేదు, వాడూ రాలేదు. సైన్యంవాళ్ళు పంపిన తెల్లపెట్టెలో ఎముకలకు బదులు ఒక గులకరాయి ఉంది. ఇంట్లో వాడిది మరో ఫొటో లేదు. ఆగస్టులో బోన్ పండుగ. పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండుగ అది; వాడు పోయాక అదే మొదటిది.

"రాయికి దణ్ణం పెట్టుకోమంటావా సుగియే?" అంది ముమే అక్క. "నా కొడుకు మొహం నీ బీరువాలో ఉంది. తీసివ్వు."

మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పొయ్యి పక్కన కూర్చుని టీ కాచుకుంటున్నారు. విషయం చెప్పగానే నిప్పులు కదిలించే పుల్ల తీసుకుని బూడిదలో గీతలు మొదలుపెట్టారు.

"వెనకనుంచి నడుద్దాం సుగియే గారూ. మనక్కావలసింది పైరో, అంటే పాతకాలపు డెవలపర్. గాలిక్ ఆమ్లాన్ని మెల్లగా వేడిచేస్తే అది ఆవిరై, చల్లటిచోట తెల్లగా పేరుకుంటుంది. బాగుంది. మరి గాలిక్ ఆమ్లం? టానిన్‌ని ఉడికించి విరగ్గొడితే వస్తుంది. మరి టానిన్?"

"నన్ను పరీక్ష చేస్తున్నారా? మీరే చెప్పండి."

"మాచికాయలు! పురుగు కుట్టిన ఆకుల మీద కొండల్లో కాస్తాయే, అవి."

"అవి చలి మొదలయ్యాక గదా దొరికేది?"

మాస్టారి పుల్ల బూడిదలో ఆగిపోయింది. కాసేపటికి ఆయన చూపు మూలన కూర్చున్న వాళ్ళమ్మ నోటిమీద నిలిచింది. పెళ్ళయిన ఆడవాళ్ళు పళ్ళకు నలుపు దిద్దుకునే కాలపు మనిషి ఆవిడ. ఇంకా దిద్దుకుంటూనే ఉంది.

"ఏంట్రా ఆ చూపు? పోయాననుకున్నావా?"

"అమ్మా, నీ పళ్ళపొడి కావాలి. అది మాచికాయ పొడే కదా?"

"నీకెందుకురా, మళ్ళీ పెళ్ళా?" అని ముసలావిడ నవ్వి, సంగతి విన్నాక డబ్బా మొత్తం మా ముందుకు తోసింది. "ఇంక నేను తెల్లపళ్ళేసుకుని కుక్కలా తిరగాల్సిందే."

పొడిలో సగం ముందు వాడి, తయారైన మందును పనికిరాని పలక మీద పరీక్షించి, మిగతా సగంతో రియోసాకు పలక కడగాలని పథకం. ఇనుము సోకితే మాచికాయ నల్లసిరాగా మారిపోతుందని మాస్టారు వెయ్యిసార్లు చెప్పారు. ఇనుపగరిటె తీసేశారు, కత్తి తీసేశారు, నా నడుముకున్న కత్తెర కూడా తీయించారు. పొడిని మట్టికుండలో వేసి, పొయ్యి మీది వేడినీళ్ళు వంచారు.

కుండ మా కళ్ళముందే నల్లబడింది.

ఇద్దరం ఒకేసారి కెటిల్ వంక చూశాం. టీ నీళ్ళకు ఇనుప కెటిల్‌ని మించింది లేదని మా నమ్మకం. ఎంతగా అలవాటంటే, అది ఇనుమన్న సంగతే ఎవరికీ తట్టదు. పైగా యుద్ధకాలంలో ఇనుమంతా సర్కారు పట్టుకుపోతుంటే, మాస్టారు దీన్ని పెరట్లో పాతిపెట్టి కాపాడుకున్నారు. లోపలంతా తుప్పు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాస్టారు మాత్రం కుండలోకి వంగి, "ఎంత చక్కటి నలుపు!" అన్నారు. ఆయన్ని ఆ కుండలోనే ముంచాలనిపించింది.

ఇక మిగిలింది సగం పొడే. పరీక్షకు వాడితే పలకకు చాలదు. మాస్టారు ముమే అక్క ముందు నీళ్ళు నమిలారు. "మందు చెడ్డదైతే బొమ్మ శాశ్వతంగా పోతుందమ్మా. చలికాలం దాకా ఆగితే కొత్త కాయలొస్తాయి..."

"వాడొచ్చేది ఈ పండక్కి" అందామె. "పలకను చుట్టి దాచుకుంటే మాత్రం వాడు నాతో మాట్లాడుతున్నాడా? కడగండి."

ఈసారి వాననీళ్ళు వాడాం. ఉడికించి, చల్లార్చి, వడకట్టి, ఎండబెట్టాక, బడి ప్రయోగశాలలో మిగిలిన ఒకే ఒక్క గాజుపాత్రలో వేడి పెట్టారు. మంట పెరిగితే మాడిపోతుంది, తగ్గితే ఏమీ రాదు. చల్లటి గాజుమెడలో మొదట మసక కమ్మింది, తర్వాత సన్నటి తెల్లసూదులు ఒక్కొక్కటే మొలిచాయి. పళ్ళు నల్లబరిచే పొడిలో ఇంత తెలుపు ఎక్కడ దాగుందా అని నేను కోపం మర్చిపోయి నోరు తెరుచుకు చూశాను. "ముట్టుకోకండి, విషం" అన్నారాయన, చంటిపిల్లను చూసి మురిసినట్టు మురిసిపోతూ.

చీకటిగదిలో ఎర్రదీపం కింద ముగ్గురం నిలబడ్డాం. పలకను మందులో వేశాను. ఏమీ లేదు. ఎంతసేపటికీ ఏమీ లేదు. అప్పుడు చొక్కా మెడపట్టీ ఒక గీతలా తేలింది. దాని పైన నల్లగా చెంపలు, నుదురు. సైన్యం కోసం గుండు చేయించుకోక ముందే వచ్చి దిగాడు కదా, తల నిండా జుట్టుంది. పలకను నీళ్ళలో ముంచి ముమే అక్క ముందు పట్టుకున్నాను.

"అయ్యో, వీడి తలంతా నెరిసిపోయిందే" అంది ఆమె. "కనుబొమలు కూడా."

"పలక మీద అన్నీ తారుమారుగా ఉంటాయక్కా. కాగితం మీద అచ్చు వేస్తే నల్లజుట్టు నల్లగానే..."

"తెలుసులేవే. తోఫు అమ్ముకునేదాన్నయినా ఆమాత్రం తెలుసు. కాసేపు అలాగే పట్టుకో. నా కొడుకు ముసలాడవడం చూసే రాత నాకు లేదనుకున్నాను."